సవరణ: టైర్లలో గాలి, కొత్త జత ఎక్కడ వేయాలి

మైలేజీ పెరగాలంటే టైరు పక్కన అచ్చేసిన అంకె దాకా గాలి కొట్టించమని పోయిన వారం రాశాను. అది తప్పు. ఆ అంకె టైరుకున్న గరిష్ఠ పరిమితి. మన కారుకు ఎంత కావాలో డ్రైవర్ తలుపు తెరిస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. మా కారుకు అక్కడ 33 అని ఉంది, టైరు మీద 51. నా మాట నమ్మి నార్కట్‌పల్లిలో 45 కొట్టించానని నిన్న ఒకాయన ఫోన్ చేశాడు. మనసు ఆగలేదు, వెంటనే రాస్తున్నా.

గాలి ఎక్కువుంటే టైరు తేలిగ్గా దొర్లి కాస్త పెట్రోలు మిగిలే మాట నిజమే. కానీ అప్పుడు రోడ్డును గట్టిగా తాకేది నడిమి భాగమే. అక్కడే ముందు అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. గాలి చూసుకోవాల్సింది పొద్దున్నే, బండి కదలక ముందు. మే నెల ఎండలో విజయవాడ హైవే మీద వచ్చి కొలిస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. అప్పుడు మాత్రం తీయించొద్దు.

ఇంకో తప్పు: రెండు టైర్లే మారిస్తే కొత్తవి ముందు వేయమన్నాను. వెనక్కే వేయాలి, ఇంజను ముందు చక్రాలను తిప్పే బండైనా సరే. వానలో ముందు టైర్లు జారితే యాక్సిలరేటర్ వదలగానే చాలావరకు దారికొస్తుంది. వెనకవి జారితే బండే గిర్రున తిరుగుతుంది, దాన్ని స్టీరింగుతో పట్టడం మనలాంటి వాళ్లకు కష్టం.

45 కొట్టించినవాళ్లు రేపు పొద్దున్నే తగ్గించుకోండి.