గుండమ్మ చేతిలో నలిగిన కోడలు ఎవరు?

'గుండమ్మ కథ' సినిమా గురించి ఒక మాట ఏళ్ళ తరబడి నోటి నుంచి నోటికి తిరుగుతోంది. ఈమధ్య దానికి జోరు మరీ పెరిగింది. ఆ మాట సారాంశం ఇది: "కోడలిని రాచిరంపాన పెట్టే గయ్యాళి అత్త, పొగరుబోతు పెళ్ళాం, వాళ్ళ పొగరు అణిచే ఇద్దరు మగాళ్ళు. అంతకు మించి అందులో కథే లేదు. ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి చేశారు కాబట్టి ఆడింది. గుండమ్మగా సూర్యకాంతం అందులో ఎంత రాక్షసిలా కనిపించిందంటే, ఆ తర్వాత తెలుగువాళ్ళు ఎవరూ పిల్లలకి ఆ పేరు పెట్టుకోలేదు."

ఈ సినిమాని నేను మొదటిసారి చూసింది చిన్నప్పుడు, టీవీలో, మా అమ్మమ్మ పక్కన కూర్చుని. తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పై మాటల్లో ఒక్కదాంట్లో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకుంటాను. మిగతావి సినిమాని సరిగ్గా చూడకుండా అన్నవి.

ముందు గయ్యాళి అత్త సంగతి. గుండమ్మ చేతిలో నలిగిపోయే కోడలు ఈ కథలో ఎవరు? ఎంత వెతికినా దొరకదు. నలిగేది లక్ష్మి, అంటే సావిత్రి. ఆమె గుండమ్మకి కోడలు కాదు, సవతి కూతురు. భర్త మొదటి భార్య బిడ్డ. ఇంటి పనంతా ఆ పిల్ల నెత్తిన పడేసి, సొంత కూతురు సరోజని, అంటే జమునని, కాలు కింద పెట్టనివ్వకుండా పెంచుతుంది గుండమ్మ. ఇది సవతి తల్లి కథ. గుండమ్మకి కోడలంటూ వచ్చేది కొడుకు ప్రభాకర్ ప్రేమించిన పద్మ. హరనాథ్, ఎల్. విజయలక్ష్మి ఆ జంట. ఆ కోడలి తరఫు బంధువుగా ఇంట్లో అడుగుపెట్టిన ఛాయాదేవి అసలు పెత్తనం మొదలుపెడుతుంది. అప్పుడు చివాట్లు తినేది, గదిలో బందీ అయ్యేది ఎవరు? అత్తగారైన గుండమ్మే. అంటే మన సినిమాల్లో మామూలుగా కనిపించే అత్తాకోడళ్ళ పోరుని ఈ సినిమా తలకిందులు చేసింది. అలాంటిదాన్ని పట్టుకుని 'అత్త కోడలిని హింసించే సినిమా' అంటున్నారు. సూర్యకాంతం వేరే సినిమాల్లో వేసిన అత్త పాత్రల జ్ఞాపకాన్ని తెచ్చి దీనికి అంటగట్టారని నా నమ్మకం.

ఇక కథ లేదన్న మాట. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే.

గుండమ్మ కథలో మలుపులు తక్కువే. హత్యలు లేవు, తప్పిపోయిన అన్నదమ్ములు లేరు. కానీ సినిమా మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ ఇంట్లో చాకిరీ ఎవరు చెయ్యాలి? మొదట లక్ష్మి చేస్తుంది. జమీందారు వెంకట్రామయ్య, అంటే ఎస్వీ రంగారావు, తన ఇద్దరు కొడుకులకీ గుండమ్మ ఇంటి పిల్లలనే చేసుకోవాలనుకుంటాడు. పెద్దకొడుకు, అంటే రామారావు, అంజి పేరుతో పనివాడిగా ఆ ఇంట్లో చేరి, లక్ష్మి పనిని పంచుకుంటాడు. తర్వాత సరోజ వంతు వస్తుంది. డబ్బున్నవాడని రాజాని, అంటే నాగేశ్వరరావుని, చేసుకున్న పిల్ల తోటలో పనికి వెళ్ళాల్సి వస్తుంది. చివరికి ఆ ఇంట్లో అందరి మీదా అజమాయిషీ చేసిన గుండమ్మే ఇంకొకరి మాటకి తల వంచాల్సి వస్తుంది. ఒకే చాకిరీ, ఒకే పెత్తనం, చేతులు మారుతూ నలుగురి దగ్గరికీ వెళ్తాయి. దీన్ని కథ కాదంటే మరి కథంటే ఏమిటి?

రోలు దగ్గరి సీను గుర్తుచేసుకోండి. ఎన్టీ రామారావుకి ఇది నూరో సినిమా. 1957లో 'మాయాబజార్'లో కృష్ణుడిగా కనిపించాక జనం ఆయన్ని దేవుడిగానే చూస్తున్నారు. అలాంటి హీరో తన నూరో సినిమాలో పనివాడి బట్టల్లో రోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ, మహిళాలోకం నిద్ర లేచిందని పాడతాడు. పల్లెల్లో పంచాయతీలు, పట్నాల్లో ఉద్యోగాలు అంటూ ఆడవాళ్ళు బయటి ప్రపంచంలోకి వచ్చిన సంగతి చెప్పే పాట అది. రాసింది పింగళి నాగేంద్రరావు, బాణీ కట్టింది, పాడింది ఘంటసాల. ఆ పాట చెప్పే మాటకీ, ఆ చేతులు చేసే పనికీ ఉన్న సంబంధం చూడండి. ఆడది బయటికి వెళ్తే ఇంట్లో రోలు దగ్గర ఎవరు కూర్చోవాలి? సినిమా ఆ ప్రశ్నకి ఉపన్యాసం ఇవ్వలేదు, హీరోని కూర్చోబెట్టింది. మా అమ్మమ్మ ఆ సీనుకి నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తుంది. మా ఇంట్లో ఏ మగాడూ ఏనాడూ రుబ్బురోలు ముట్టుకోలేదు మరి.

ఇద్దరు స్టార్ల వల్లే ఆడిందన్న మాటకి ఎక్కువ సమయం అక్కర్లేదు. స్టార్లు ఉన్నారు, నిజమే. 1962 జూన్ 7న విడుదలైన ఈ సినిమా రామారావుకి నూరోది, నాగేశ్వరరావుకి తొంభై తొమ్మిదోది. పక్కన సావిత్రి, జమున. ఇంతమంది ఉండగా నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి సినిమాకి పెట్టిన పేరు ఎవరిది? సూర్యకాంతం పాత్రది. ఈ సినిమాని మళ్ళీ తీద్దామన్న మాట ఇండస్ట్రీలో చాలాసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా జనం మొదట అడిగింది "గుండమ్మగా ఎవరు చేస్తారు?" అనే. హీరోల పాత్రలకి పేర్లు వెంటనే దొరికేవి. గుండమ్మ దగ్గరే ఆగిపోయేవారు.

ఇప్పుడు నేను ఒప్పుకుంటానన్న మాట. పెళ్ళాం పొగరు అణచడం. రాజా సరోజని మోసం చేస్తాడు. తాగుబోతులా నటిస్తాడు, తండ్రి ఇంట్లోంచి గెంటేశాడని నమ్మిస్తాడు, ఆ పిల్ల చేత కూలిపని చేయిస్తాడు. తండ్రీకొడుకులు కలిసి ఆడిన నాటకం అది. ఇవాళ చూస్తే నాకు నవ్వు రాదు, ఇబ్బందిగా ఉంటుంది. నాటకమని తెలియక సరోజ పడ్డ బాధ మాత్రం నిజమైనదే. "ఆ రోజుల్లో అంతే" అని నేను దాన్ని వెనకేసుకు రాను.

కానీ ఆ ఒక్క భాగాన్ని చూపించి సినిమా మొత్తం అదేననడం అన్యాయం. ఎందుకంటే అదే సినిమాలో అంజి, లక్ష్మిల జంట ఉంది. అక్కడ అణచడం లేదు. అతను దగ్గరైంది పని పంచుకుని. అంజి కూడా తనెవరో దాచే వచ్చాడు, నిజమే. కానీ ఆ దాపరికంతో ఆమె మీద బరువు పెట్టలేదు, ఉన్న బరువు తగ్గించాడు. ఒకే ఇంటి అన్నదమ్ములు ఇద్దరు రెండు రకాలుగా భార్యల మనసు గెలుచుకునే ప్రయత్నం చేస్తే, జనం గుండెల్లో నిలిచింది ఏ జంట? ఏ సీను? రోలు దగ్గరి సీనే కదా. పొగరు అణిచే సినిమాగా మాత్రమే జనం దీన్ని చూసి ఉంటే అరవై ఏళ్ళు దాటాక మనకి గుర్తుండాల్సింది ఇంకోటి.

ఇంకో సంగతి. ఇందులో దెబ్బతినేది ఆడవాళ్ళ పొగరు ఒక్కటే కాదు. గుండమ్మ చెవిలో చాడీలు ఊదే గంటయ్యగా రమణారెడ్డి, సరోజ మీద కన్నేసిన భూపతిగా రాజనాల, వీళ్ళ ఎత్తులన్నీ చిత్తవుతాయి. గుండమ్మ చెడ్డతనంలో సగం గంటయ్య మాటలదే. భర్త లేని మనిషి, చేతిలో ఆస్తి ఉంది, చుట్టూ కాజెయ్యాలని చూసేవాళ్ళు ఉన్నారు. ఆమె గొంతు ఎందుకు అంత పెద్దదో నాకు పెద్దయ్యాక అర్థమైంది. గొంతు తగ్గిస్తే ఆ ఇల్లు ఎప్పుడో చేజారిపోయేది.

ఇక రాక్షసి అన్న మాట. సూర్యకాంతం నిజంగా రాక్షసి వేషం వేసింది 'మాయాబజార్'లో, హిడింబగా. ఘటోత్కచుడైన ఎస్వీ రంగారావుకి తల్లి. ఐదేళ్ళకి ఈ సినిమాలో అదే ఇద్దరు వియ్యంకుడూ వియ్యపురాలూ అయ్యారు. ఆ హిడింబలో కూడా కొడుకుని చూసి మురిసిపోయే తల్లే కనిపిస్తుంది తప్ప భయం పుట్టదు. గుండమ్మ అయితే అసలు రాక్షసి కాదు. మొహమాటం లేకుండా మాట్లాడే, సులువుగా మోసపోయే, పొగిడితే పొంగిపోయే మనిషి. ఎడమ చెయ్యి తిప్పుతూ ఆమె విసిరే మాటకి జనం భయపడలేదు, విరగబడి నవ్వారు.

పేరు సంగతి కూడా అంతే. ఆ పేరు ఎవరూ పెట్టుకోలేదని ఎవరు లెక్కపెట్టారు? కాలంతో పాటు పాత పేర్లన్నీ వెనకబడ్డాయి. సుబ్బలక్ష్మి, వెంకాయమ్మ, సీతామాలక్ష్మి అనే పేర్లు ఇవాళ ఎంతమంది పసిపిల్లలకి పెడుతున్నారు? వాటిని ఏ నటి పాడుచేసింది? కాకినాడ దగ్గరి ఊళ్ళో 1924లో పుట్టి, షూటింగులకి ఇంటి నుంచి వంటలు తెచ్చి తోటివాళ్ళకి కొసరి కొసరి వడ్డించిన మనిషిగా ఆమెని ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటి మనిషి పేరుని శాపంలా మార్చి, అదేదో పొగడ్త అన్నట్టు పంచుకోవడం నాకు బాధగా ఉంటుంది.

గుండమ్మ గదిలో బందీ అయిన సీను వచ్చినప్పుడు మా అమ్మమ్మ నవ్వడం ఆపేసింది. అప్పటిదాకా లక్ష్మి పక్షాన గుండమ్మని తిడుతూ చూసిన మనిషి. పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "తలుపు తియ్యండ్రా ఎవరైనా" అంది టీవీ వైపు చూసి.