ముద్దాయిలు ఇద్దరు, నటుడు ఒక్కడు, నేరం ఎవరిదీ కాదు

నిజంగా బతికిన ఒక ముఠా నాయకుడి జీవితాన్ని తెరకెక్కించినప్పుడు కథానాయకుడి నటనను దేనితో కొలవాలన్న విషయంలో విమర్శక లోకం ఇంతవరకు ఒక నిర్ణయానికి రాకపోవడం విచారకరం. 1960లలో లండన్ తూర్పు ప్రాంతాన్ని గడగడలాడించిన క్రే కవల సోదరులపై 2015లో వచ్చిన ‘లెజెండ్’ చిత్రం ఈ లోటును చాలావరకు తీర్చింది. రెజీగానూ, రానీగానూ టామ్ హార్డీ ఒక్కడే నటించాడు కనుక, ఒక హంతకుడికి ఎంత అందం కావాలో, ఇంకొక హంతకుడికి ఎంత హాస్యం కావాలో పక్కపక్కనే నిలబెట్టి చూసుకునే సౌకర్యం మనకు కలిగింది.

ద్విపాత్రాభినయం గురించి తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 1977లోనే ఎన్.టి. రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ తానే అయి, పైగా దర్శకత్వ బాధ్యతను కూడా నెత్తిన వేసుకున్నారు. అటువంటి పరంపరలో పెరిగినవారికి కళ్ళజోడు ఉంటే రానీ, లేకపోతే రెజీ అనే ఏర్పాటు పెద్ద వింతగా తోచకపోవచ్చు. అయితే హార్డీ కళ్ళజోడుతో సరిపెట్టుకోలేదని ఒప్పుకోవాలి. రానీ గొంతులో బరువు, ఎదుటివాడి మాట తలకెక్కడానికి ఒక క్షణం ఆలస్యమయ్యే చూపు, రెజీ నడకలో కొత్తగా కుట్టించిన సూటుకు ఉండే ధీమా, ఇవన్నీ కష్టపడి సాధించినవే. అన్నదమ్ములు ఒకరినొకరు చితకబాదుకునే సన్నివేశంలో కొడుతున్నదీ, తింటున్నదీ ఒకే మనిషి అన్న సంగతి చూసేవారికి గుర్తుకే రాదు.

నాకు అభ్యంతరమల్లా ఈ పని విభజన మరీ ముచ్చటగా కుదరడమే. మతిస్థిమితం లేకపోవడమంతా రానీ వాటాకు వెళ్ళింది, మనసు దోచుకోవడమంతా రెజీ వాటాకు వచ్చింది. ప్రత్యర్థులు తుపాకులు లేకుండా వచ్చారని రానీ పసిపిల్లవాడిలా నొచ్చుకుని బయటికి వెళ్ళిపోయి, తర్వాత రెండు సుత్తులతో తిరిగి వచ్చే చోట హాలంతా నవ్వుతుంది. నవ్వించినవాడిని నేరస్థుడని ఎలా అంటాం? రెజీ తన భార్య కోసం, అన్నదమ్ముల అనుబంధం కోసం కుమిలిపోతాడు. కుమిలిపోతున్నవాడిని మాత్రం ఎలా అంటాం? ఈ విధంగా ఒకడికి పిచ్చి, ఇంకొకడికి ప్రేమ పంచేసరికి, నేరం మోయడానికి మూడో కవల ఎవరైనా ఉన్నారా అని వెతుక్కోవలసిన పరిస్థితి ఏర్పడింది.

దురదృష్టవశాత్తు ఓల్డ్ బెయిలీ న్యాయస్థానానికి ఈ సౌందర్యదృష్టి లోపించింది. 1966లో బ్లైండ్ బెగర్ అనే మద్యశాలలో జార్జ్ కార్నెల్‌ను కాల్చి చంపినవాడు రానీ అనీ, మరుసటి ఏడాది జాక్ మెక్‌విటీని కత్తితో పొడిచి చంపినవాడు రెజీ అనీ తేల్చి, నటనలోని తారతమ్యాలను ఏమాత్రం పరిగణించకుండా, 1969లో ఇద్దరికీ సమానంగా యావజ్జీవ శిక్ష విధించి, కనీసం ముప్పయ్యేళ్ళు లోపలే ఉంచాలని సిఫారసు చేసింది. ఆ న్యాయమూర్తికి సినిమా చూసే అదృష్టం కలిగి ఉంటే రెజీకి కనీసం పదేళ్ళయినా తగ్గించి ఉండేవాడని నా నమ్మకం.

కథ చెప్పే బాధ్యతను రెజీ భార్య ఫ్రాన్సిస్‌కు అప్పగించడం ఇంకొక విశేషం. 1967లో ఇరవై మూడేళ్ళ వయసులో మరణించిన ఆ యువతి, తెరమీద మరణానంతరం కూడా విశ్రాంతికి నోచుకోలేదు. భర్త ఎంత మనోహరుడో మనకు పరిచయం చేసే ఉద్యోగం ఆమె గొంతుకే పడింది. కథానాయకుడి నటనను ఎలివేట్ చేయడానికి ఇంతకంటే విశ్వసనీయమైన గొంతు దొరకదని దర్శకుడు భావించి ఉండవచ్చు.

ఈ కవలలను పట్టుకున్న పోలీసు అధికారి లియొనార్డ్ రీడ్ గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. ఆయనకు ఒకే పాత్ర. నిజజీవితంలో సాక్ష్యం చెప్పాలంటేనే జనం హడలిపోతున్న రోజుల్లో, 1968లో కవలలను అరెస్టు చేసి లోపల పెట్టాకగానీ ఆయన ముందు నోళ్ళు పెగలలేదు. మొదట భయపడి రానీని గుర్తుపట్టలేనన్న బ్లైండ్ బెగర్ ఉద్యోగిని కూడా ఆ తర్వాతే కోర్టుకు వచ్చి, కార్నెల్‌ను కాల్చింది ఇతడేనని చెప్పింది. కాళ్ళు వణుకుతున్నా నోరు విప్పడానికి కావలసిన దమ్ము ఎంతటిదో కొలిచే పురస్కారం ఏదీ ఇంకా స్థాపించినట్టు లేదు.

హార్డీకి మాత్రం ఆ ఏడాది బ్రిటిష్ ఇండిపెండెంట్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఇద్దరు మనుషుల పని చేసినవాడికి ఒక్క బహుమతితో సరిపెట్టడం కార్మిక న్యాయం ప్రకారం సబబు కాదు.

అందరూ ఆ మెప్పులో పాలుపంచుకోలేదు. గార్డియన్ పత్రిక చిత్రానికి అయిదింటికి రెండు నక్షత్రాలే వేసింది. ప్రచార విభాగంవారు దీనికి కుంగిపోకుండా, పెద్ద పెద్ద రేటింగుల నడుమ ఆ రెండు నక్షత్రాలను కూడా పోస్టరు మీద సగర్వంగా అచ్చువేశారు. సరిగ్గా రెజీ తలకూ రానీ తలకూ మధ్య ఉన్న సందులో వేశారు కనుక, తక్కిన నక్షత్రాలు ఆ తలల వెనక దాగి ఉన్నాయని చూసినవారు అనుకోవడానికి ఏ అడ్డూ లేకపోయింది. క్రే సోదరులు రక్షణ కల్పిస్తామన్న పేరుతో ఊళ్ళో వ్యాపారుల దగ్గర ఉన్నదాన్ని గుంజుకున్నారేగానీ, లేనిదాన్ని ఉన్నట్టు చూపగల ఈ నేర్పు వారికి ఏనాడూ అబ్బలేదు. కదలకుండా, పలకకుండా, కేవలం తలలు నిలబెట్టి ఇంతటి భ్రమ కల్పించిన ఆ పోస్టరులోని అభినయానికి మాత్రం నేను నిస్సంకోచంగా అయిదు నక్షత్రాలూ ఇస్తాను. ఎక్కడ అచ్చువేసుకుంటారో వారి ఇష్టం.