అటక మీది ఎలుకగారి హైపోథాలమస్‌కి ఒక పెళ్లిళ్ల పేరయ్య రాయు ఉత్తరం

అయ్యా హైపోథాలమస్ గారూ,

పూర్ణా మార్కెట్ వెనక సందులో, మా అటక మీద మీరు నడుపుతున్న సంబంధాల కొట్టు గురించి ఈ ఉత్తరం. ముప్పయ్యేళ్లుగా నాదీ అదే వృత్తి. నిన్న రాత్రి మీవాళ్లు నా బయోడేటాల ఫైలు కొరికేశారు. గాజువాక కుర్రాడి ఫొటోలో తల లేదు, జీతం అంకె మాత్రం భద్రంగా ఉంది. (ఆడపెళ్లివారు అది చాలన్నారు, అది వేరే సంగతి.)

రెండు గ్రాముల మెదడు అడుగున కూర్చుని ఇదేటండీ ఈ వ్యాపారం! ఆడ ఎలుకకి నాలుగైదు రోజులకో లగ్నమా? ముందు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ వచ్చి మీ వెంట్రోమీడియల్ గదిలో ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్‌కి రిసెప్టర్లు వేసి పోతుంది, పీటలు వేసినట్టు. తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చి కూర్చుంటుంది. ఇక ఆ రాత్రి ఆవిడ గెంతుతుంది, చెవులు టపటపలాడిస్తుంది, మగాడు పైకెక్కితే నడుం కిందికి వంచి తలా పిరుదులూ పైకెత్తుతుంది. లార్డోసిస్ అంటారట. లగ్నం దాటిందా, అదే మగాణ్ని తన్ని తరుముతుంది. అండాశయాలు తీసేస్తే ఇదేమీ లేదు. ఆ రెండు హార్మోన్లూ అదే వరసలో సూదితో ఎక్కిస్తే మళ్లీ మొదలు. మా దగ్గరా వరస కలవాలి గానీ, కలిశాక జాతకాలు అడ్డం పడతాయి.

మీ మగపెళ్లివారి గుట్టు ఇంకా ముచ్చట. మీసం మెలేసే టెస్టోస్టిరాన్ మీ ప్రీఆప్టిక్ గుమ్మం దాటి, అరోమటేజ్ అనే ఎంజైము చేతిలో ఈస్ట్రడయోల్‌గా, అంటే ఒక రకం ఈస్ట్రోజన్‌గా, మారాకే చాలా పని చేస్తుందట! ఈ ముక్క ఒక వరుడి తండ్రికి చెప్పాను. ఇచ్చిన కాఫీ గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

అమెరికా గడ్డిమైదానాల్లో ప్రెయిరీ వోల్ అని మీ దూరపు చుట్టం, జత కట్టి కాపురం చేసే రకం. ఆ ముడి ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అనే హార్మోన్లు వేసిందేనని ఏళ్లతరబడి చెప్పుకున్నారు. 2023లో ఆక్సిటోసిన్ రిసెప్టర్ జన్యువు చెడగొట్టిన వోల్స్ కూడా జత కట్టేశాయి. అంటే మీవాళ్ల బయోడేటాలోనూ కాస్త కలిపి రాసినట్టే! అప్పట్నుంచే మీరంటే గౌరవం.

ఒక్కటే మనవి. కాన్పయిన రోజే మళ్లీ లగ్నం పెట్టేస్తున్నారు, పురిటి స్నానమైనా కానివ్వరా? బోను పెట్టాను. లోపల హార్బరు నుంచి తెచ్చిన ఎండు నెత్తళ్లు. ఫైలు మిగతా సగం పట్టుకొస్తే తలుపు తీస్తాను.

ఇట్లు,
కమీషన్ రావలసిన పేరయ్య