94 దాటితే అంతే!

(టెక్సాస్, ఫ్రిస్కోలో మా ఇల్లు. ఉదయం తొమ్మిదిన్నర. మా ఆవిడా పాపా పైన నిద్రపోతున్నారు. వంటింటి బల్ల దగ్గర మావగారు, అత్తగారు. పక్క గదిలో నేను, ఆఫీసు మీటింగులో మ్యూట్ పెట్టుకుని. ఆ మీటింగులో ఏం తేల్చారో నాకిప్పటికీ తెలియదు.)

అత్తగారు: పొద్దున్నే ఆ సూట్‌కేసు ఎందుకు దింపారండీ?

మావగారు: సర్దుకోవాలి. ఇంకా వారమే ఉంది.

అత్తగారు: దేనికి?

మావగారు: గడువుకి. మనకిచ్చింది తొంభై నాలుగు రోజులు.

అత్తగారు: ఎవరన్నారు?

మావగారు: పార్కులో మూర్తిగారు. "ఏమైనా చేయండి గానీ, ఐ-94 మాత్రం దాటకండి సార్" అన్నారు. ఆయన అమెరికా చాలాసార్లు వచ్చిన మనిషి.

అత్తగారు: అన్నిసార్లు వచ్చినాయన మొన్న వాకింగునించి వస్తూ ఎవరింటి బెల్లో కొట్టాడు.

మావగారు: ఇళ్ళన్నీ ఒకేలా కడితే ఆయనేం చేస్తాడు?

అత్తగారు: వీసా పదేళ్ళు కదండీ. పాస్‌పోర్టులో మీ ఫొటో పక్కనే ఉంది తేదీ. చూశారా, ఫొటోనే చూసుకున్నారా?

మావగారు: ఏమే, వీసా అంటే తలుపు కొట్టడానికి పర్మిషను. లోపల ఎన్నాళ్ళు కూర్చోవచ్చో తలుపు తీసినవాడు చెబుతాడు.

అత్తగారు: తలుపు తీసినవాడు తొంభై నాలుగు అన్నాడా మీతో? వాడడిగింది తిండి సామాను గురించి. మీరు "మ్యాంగో" అన్నారు. వాడు బెదిరిపోయాడు. నేను "పికిల్" అన్నాక కదా వదిలాడు!

మావగారు: వాడు నోటితో చెప్పక్కర్లేదు. కంప్యూటర్లో కొడతాడు. అదే ఐ-94. ఇదివరకు తెల్ల కార్డు రాసి పాస్‌పోర్టుకి పిన్ను కొట్టేవారట. 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్ళకి అదీ లేదు. కాగితం లేని ఆర్డరు! రిజిస్ట్రార్ ఆఫీసులో రిటైరైనవాణ్ణి, నాకెలా ఉంటుంది?

అత్తగారు: కాగితం లేదని, ఫారం పేరులో అంకె చూసి మీరే ఆర్డరు రాసేసుకున్నారు.

మావగారు: మరి తొంభై నాలుగని ఊరికే పెడతారా?

అత్తగారు: ఆ లెక్కన అల్లుడుగారు హెచ్1 వీసా మీద వచ్చారు. ఒక్క రోజులో వెళ్ళిపోవాలి. పాపం, తెలియక ఇల్లు కూడా కొనుక్కున్నారు.

(ఆ ఇంటి అప్పు సంగతి ఆవిడకి మేం చెప్పలేదు.)

మావగారు: హెచ్ వేరు, ఐ వేరు.

అత్తగారు: వీసా మీద దాని రకం బి1/బి2 అని వేసి ఉంటే, చూసి ఏమన్నారు? "ఒకటో నంబరు నేను, రెండో నంబరు నువ్వు" అన్నారు. విమానంలో పక్కాయనకీ అదే ఉంటే, ఆయన భార్య ఏ సీట్లో ఉందా అని వెతికారు.

మావగారు: ఒంటరిగా వచ్చాడేమో అని జాలిపడ్డాను.

అత్తగారు: ఎంట్రీస్ దగ్గర ఎం అని ఉంటే, కాన్సులేటువాళ్ళు నన్ను మగవాణ్ణి చేసేశారని తణుకంతా చెప్పారు.

మావగారు: నాకూ ఎం, నీకూ ఎం. అనుమానం రాదూ?

అత్తగారు: ఎన్నిసార్లయినా రావచ్చని దాని అర్థం. మీ అమ్మాయి చెప్పేదాకా మా అక్కలు నన్ను "బావగారూ" అని పిలిచారు.

మావగారు: నీకు నవ్వులాటగా ఉంది. ఇచ్చిన తేదీకి ఒక్కరోజు దాటినా ఆ పదేళ్ళ వీసా చెల్లదు, తెలుసా? ఇంటికెళ్ళి మళ్ళీ మొదట్నుంచి అప్లై చేసుకోవాలి. ఆ తేదీ దాటాక నూట ఎనభై రోజులు మించి ఉండిపోయి వెళితే మూడేళ్ళు రానివ్వరు. ఏడాది నిండిందో, పదేళ్ళు.

అత్తగారు: పదేళ్ళు ఇచ్చి పదేళ్ళు లాక్కుంటారు. లెక్క సరిగ్గానే ఉంది.

(నిజానికి ఈ ముక్కలో మావగారి తప్పేం లేదు. తొంభై నాలుగొక్కటి తప్ప ఆయనకన్నీ తెలుసు. ఆయనతో చిక్కంతా అదే.)

మావగారు: రేపు ఎయిర్‌పోర్టులో నిన్ను ఆపితే? ఇంగ్లీషు కూడా రాదు నీకు.

అత్తగారు: మీకొచ్చిన ఇంగ్లీషు చూశాంగా. మ్యాంగో!

మావగారు: తొంభై నాలుగో రోజు మంగళవారం. సోమవారమే బయల్దేరిపోదాం.

అత్తగారు: సోమవారం అమావాస్య.

మావగారు: అమావాస్య ఇండియాలో. ఇక్కడ తిథి మారుతుంది.

అత్తగారు: మీకు కావలసినప్పుడు మారుతుంది. అయినా అయిదో నెలలో పాప అన్నప్రాసన పెట్టుకుని ఎక్కడికండీ వెళ్ళేది? పాయసం ఎవరు వండుతారు, మూర్తిగారా?

మావగారు: వీడియో కాల్లో చూద్దాం.

అత్తగారు: అలాగే. ఇవాళ్టినుంచి మీ భోజనం కూడా వీడియోలోనే.

మావగారు: అది కాదే...

అత్తగారు: అల్లుడుగారు రిటర్న్ టికెట్టు అయిదున్నర నెలలకి కొన్నారు. మనల్ని జైలుకి పంపించడానికి కొన్నారా?

మావగారు: (గొంతు తగ్గించి) అల్లుడు కదా. చెప్పలేం.

(మ్యూట్‌లో ఉన్నాను కాబట్టి బతికిపోయాను.)

అత్తగారు: పోనీ, ఇంకా ఉండాలనుకుంటే ఐ-539 అని ఇంకో ఫారం ఉందట. గడువు అయిపోకముందే వేయాలట. అల్లుడుగారు ఎవరికో ఫోన్లో చెబుతుంటే విన్నాను. మీ లెక్కన అదెన్నాళ్ళు?

మావగారు: (వేళ్ళు మడిచి) అయిదొందల ముప్పై తొమ్మిది... ఇంచుమించు ఏడాదిన్నర!

అత్తగారు: ఇంకేం, వేసేయండి.

మావగారు: ఏడాదిన్నరా? దొడ్లో కొబ్బరికాయలు ఎవడు దింపిస్తాడు? నేనుండను.

అత్తగారు: ఇప్పటిదాకా జైలు, ఇప్పుడు కొబ్బరికాయలు. సరే, ఒక్క మాట చెప్పండి. మూడు నెలలే ఉంటామని తెలిసినవారు, నా బీపీ మాత్రలు ఆరు నెలలకి సరిపడా ఎందుకు తెచ్చారు?

మావగారు: ఎందుకైనా మంచిదని.

అత్తగారు: విమానం మూడు నెలలు లేటవుతుందనా?

మావగారు: ఇక్కడ ఊరికే ఇవ్వరే. డాక్టరు చీటీ రాయాలి, ఆ డాక్టరు అపాయింట్‌మెంటు దొరకాలి. నువ్వేమో వాదన మొదలెడితే మాత్ర మర్చిపోతావు.

అత్తగారు: మీ షుగరు మాత్రలు?

మావగారు: ...

అత్తగారు: మిమ్మల్నే.

మావగారు: మూడు నెలలకి తెచ్చాను. సూట్‌కేసు బరువెక్కువైందన్నారు కదా. నీ ఆవకాయ తీయనిచ్చావా?

అత్తగారు: ఆవకాయ తీసి మాత్రలు పెట్టుకోవాలని తెలియదూ! ఆరుపదులు దాటాయి, బుద్ధి ఉండక్కర్లా? ...ఎన్ని మిగిలాయి?

మావగారు: వారానికి.

అత్తగారు: అదీ సంగతి! గడువు మాత్రలకన్నమాట! మూర్తిగారి కోడలు ఈ వారంలో వస్తోందట. మా తమ్ముడితో చీటీ, మాత్రలు ఆవిడకి అందజేయిస్తాను. మీ మూర్తిగారు ఈ ఒక్కదానికైనా పనికొస్తారు.

(ఇక ఆగలేకపోయాను. ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, ఇమిగ్రేషన్ వాళ్ళ సైటు తెరిచి, ఇద్దరి పాస్‌పోర్టు నంబర్లూ కొట్టాను. ఎప్పటిదాకా ఉండవచ్చో అక్కడే ఉంది. దిగిన రోజునుంచి ఆరు నెలలు. మావగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివారు.)

మావగారు: నీదీ నాదీ ఒకే తేదీ వేశాడు.

అత్తగారు: వేయక? మిమ్మల్ని విడిగా వదిలితే ఏమవుతుందో వాడికీ అర్థమైపోయి ఉంటుంది.

మావగారు: బాబూ, దీన్ని రెండు కాపీలు తీయించు. ఒకటి లామినేషన్ చేయిద్దాం. అన్నట్టు, పైన "మోస్ట్ రీసెంట్ ఐ-94" అని ఉందేమిటి? అంటే పాతదింకోటి ఉందా? దాంట్లో వేరే తేదీ ఉంటే?

అత్తగారు: ఉంటే అది ఐ-93 అయ్యుంటుంది. లేవండి, పాప ఏడుస్తోంది, నలుగుపిండి తీసుకురండి.