గంటా పది నిమిషాలట!

మా బావ హైదరాబాద్‌లో ఉంటాడు. కాబట్టి ఆయనకు బెంగళూరు గురించి అన్నీ తెలుసు. మొన్న మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి పిలుస్తూ, ఫోన్‌లో చూసి లెక్క చదివాడు: "విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి 455 కిలోమీటర్లు. గంటా పది నిమిషాలు. సిటీ బస్సెక్కినట్టు ఎక్కేసి రారా బామ్మర్దీ!"

బావ లెక్కలో తప్పు లేదు. తప్పల్లా నేను విమానాశ్రయంలో కాపురం పెట్టకపోవడమే. మేముండేది ఎలక్ట్రానిక్ సిటీలో. కాస్త ముందుకు పోతే తమిళనాడు. హైదరాబాద్ విమానం ఎక్కాలంటే నేను అక్కణ్ణుంచి ఊరంతా ఈదుకుంటూ, ఆంధ్రా వైపు పోయే రోడ్డు పట్టుకోవాలి. మా విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి రోడ్డంటే సాక్షాత్తూ హైదరాబాద్ హైవే మరి!

శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర విమానానికి సాయంత్రం ఐదింటికే క్యాబ్ ఎక్కాను. సరిగ్గా అదే నిమిషానికి దేవనహళ్ళిలో ఒక ఊహా విమానాన్ని కూడా లేపాను, శాస్త్రీయంగా పోల్చి చూద్దామని.

నేను సిల్క్ బోర్డు కూడలి చేరేసరికి అది కర్నూలు దాటింది. అక్కడ డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. బెంగళూరులో డ్రైవర్ ఇంజిన్ ఆపాడంటే డాక్టర్ కళ్ళజోడు తీసినట్టే. పక్క బైకు మీద ఒకబ్బాయి హెల్మెట్ అద్దం ఎత్తి, కవర్లోంచి మిరపకాయ బజ్జీలు తీసి, తీరిగ్గా నాలుగు ముగించాడు. అయిదోది తుంచేసరికి పచ్చ లైటు పడింది. మేము రెండు కార్ల మేర కదిలాం. మళ్ళీ ఎరుపు. అతను అయిదోది కూడా పూర్తి చేశాడు.

"టెన్షన్ పడొద్దు సార్, హెబ్బాళ దాటితే గాల్లో పోతాం" అన్నాడు డ్రైవర్, మదనపల్లె మనిషి.

బెళ్ళందూరు దగ్గర నేనుండగా నా విమానం శంషాబాద్‌లో దిగింది. హెబ్బాళలో ఉండగా కొత్త జనాన్ని ఎక్కించుకుని తిరుగు ప్రయాణం కట్టింది. సాదహళ్ళి టోల్ దగ్గర నా నెత్తి మీదుగానే దిగింది. చెయ్యి ఊపబుద్ధేసింది.

నవ్వొస్తోందా? 2008 మే దాకా ఊళ్ళోనే హెచ్‌ఏఎల్ విమానాశ్రయం ఉండేది. దాంట్లో ప్రయాణికుల విమానాలు ఆపేశారు. మైసూరు, హాసన్ తప్ప 150 కిలోమీటర్ల లోపు మరో పెద్ద విమానాశ్రయం పాతికేళ్ళు రాకూడదని ఒప్పందం రాసిచ్చారు. పోటీ రాకూడదని అంత ముందుచూపుతో రాసుకున్న పెద్దలకి, జనం అక్కడికి ఎలా చేరతారన్నది మాత్రం తట్టలేదు! విమానాశ్రయం మెట్రో లైనుకి కేంద్రం ఆమోదం 2021లో వచ్చింది. పదమూడేళ్ళు! అప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు ఈలోగా ఇంటర్ కూడా పూర్తి చేశాడు. రెండో టెర్మినల్ కప్పుకి వెదురు, పైనుంచి వేలాడే మొక్కలు, బయట 108 అడుగుల కెంపేగౌడ విగ్రహం... అన్నీ కుదిరాయి. సిగ్గుండాలి.

ఎనిమిదింటికి దిగాను. కౌంటర్ మూసేశారు. బయటికొస్తే డ్రైవర్ ఇంకా అక్కడే ఉన్నాడు. నా మొహం చూసి, డిక్కీ తెరిచి, "ఇదే రోడ్డు కద సార్, నేరుగా పోదామా?" అన్నాడు.

పదిన్నరకి బావ ఫోను. "దిగావట్రా?"

"దిగాను బావా. టీ తాగడానికి. బాగేపల్లిలో."