పరాయి గోడ మీద ప్రమాద హెచ్చరిక

ఏ సామాజిక మాధ్యమం దేనికి పనికొస్తుందో చెప్పే పోలికలకు కొదవ లేదు. బంధుమిత్రుల కబుర్లకు ఫేస్‌బుక్, ఫొటోలకు ఇన్‌స్టాగ్రామ్, వీడియోలకు యూట్యూబ్, ఉద్యోగ వేటకు లింక్డ్‌ఇన్, అప్పటికప్పుడు తెలియాల్సిన వార్తకు ఎక్స్, ఒకే విషయం మీద తీరుబడి చర్చకు రెడిట్, ఇంటివాళ్ల సందేశాలకు వాట్సాప్. ఎవరు రాసినా పంపకం కాస్త అటూ ఇటూగా ఇదే. ఇదే లెక్క పట్టుకుని ఇప్పుడు వాతావరణ కేంద్రాలు, రవాణా సంస్థలు, ఆరోగ్య శాఖలు, అగ్నిమాపక దళాలు కూడా తమ పనికి ఏది సరిపోతుందో ఎంచుకుంటున్నాయి. ఎంచుకున్న తర్వాత సొంత వెబ్‌సైట్లను పాడుబెడుతున్నాయి. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే. ఇవాళ ఉన్న ఉపయోగాన్ని రేపు ఉదయం తీసేస్తే, తీసేసిన వాడిని నిలదీసే హక్కు ఎవరికైనా ఉందా అన్న ప్రశ్న ఆ పోలికల్లో ఎక్కడా కనిపించదు. లేదని ఇప్పటికే పదే పదే తేలింది. తేలిన ప్రతిసారీ లోకం నాలుగు రోజులు గొడవ చేసి సర్దుకుపోయింది. ఆ సర్దుబాటే ఆనవాయితీగా మారింది.

2021 ఫిబ్రవరి 18న ఆస్ట్రేలియా ప్రజలు నిద్ర లేచేసరికి ఫేస్‌బుక్‌లో వార్తలు మాయమయ్యాయి. వార్తలు వాడుకున్నందుకు పత్రికలకు డబ్బు చెల్లించాలన్న బిల్లు పార్లమెంటు ముందు ఉండగా ఆ కంపెనీ వేసిన ఎత్తు అది. పేచీ పత్రికలతో కాబట్టి పత్రికల పేజీలు పోయాయంటే కనీసం కారణం అర్థమవుతుంది. వాటితో పాటు వాతావరణ శాఖ పేజీ కూడా ఖాళీ అయింది. రాష్ట్రాల ఆరోగ్య శాఖల పేజీలూ ఖాళీ అయ్యాయి. ఆ దేశంలో కొవిడ్ టీకాలు మొదలు కావలసిన వారం అది. పశ్చిమ ఆస్ట్రేలియాలో అగ్నిమాపక, అత్యవసర సేవల శాఖ పేజీ తెరిచినవారికి పోస్టులు ఒక్కటీ కనిపించలేదు. అడవులకు నిప్పంటుకునే ఎండల కాలంలో, ఏ ఊరి వైపు మంటలు వస్తున్నాయో చూసుకుందామని ఫోను తెరిచినవాడికి తెల్లటి ఖాళీ ఎదురైంది. పొరపాటు జరిగిందని కంపెనీ చెప్పింది. ఆ పేజీలను మళ్లీ తెరిచింది. పొరపాటే అనుకుందాం. ఒక ప్రైవేటు సంస్థ బేరసారాల మధ్యలో చేయి జారితే ఒక దేశపు అగ్ని ప్రమాద హెచ్చరికలు ఆరిపోయే ఏర్పాటును ఎవరు చేశారు? ఆ శాఖలే చేతులారా చేసుకున్నాయి.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే, అదీ లేదు. రెండేళ్ల తర్వాత కెనడాలో అదే తరహా చట్టం వచ్చింది, అదే తరహా జవాబూ వచ్చింది. 2023 ఆగస్టు నుంచి ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వార్తలను నిలిపివేశారు. ఆ నెలలోనే కార్చిచ్చు ముంచుకొచ్చి యెల్లోనైఫ్ నగరం మొత్తాన్ని, సుమారు 20 వేల మందిని, ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఏ రహదారి తెరిచి ఉందో, మంట ఎక్కడిదాకా వచ్చిందో రాసిన వార్తను పొరుగువాడికి పంపబోతే ఆ లంకె ముందుకు కదలలేదు. ప్రధాని సహా ఎందరో మొరపెట్టుకున్నా కంపెనీ మెత్తబడలేదు. ఆస్ట్రేలియాలో దాన్ని పొరపాటు అన్నారు. కెనడాలో అది విధానమైంది. ఒక తప్పును వదిలేస్తే అది ఆనవాయితీ ఎలా అవుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఇక క్షణాల్లో వార్తకు పేరుపడిన ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్ సంగతి. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ దాన్ని 4,400 కోట్ల డాలర్లకు కొన్నారు. అంతవరకు అక్కడ ఖాతా పేరు పక్కన కనిపించే నీలి టిక్కుకు ఒక అర్థం ఉండేది. ఈ ఖాతా నిజంగా ఆ శాఖదే, ఆ వ్యక్తిదే అని పరిశీలించి ఇచ్చిన గుర్తు అది. నెలనెలా డబ్బు కట్టిన ఎవరికైనా దాన్ని అమ్మకానికి పెట్టారు. 2023 ఏప్రిల్‌లో పాత గుర్తులను తీసేశారు. గుర్తు ఆకారం మారలేదు, రంగు మారలేదు, అర్థం మాత్రం పూర్తిగా మారింది. చూసేవాడు పాత నమ్మకంతోనే చూస్తాడు. మోసం జరిగేది అక్కడే.

ఆ ఏప్రిల్ చివర్లోనే న్యూయార్క్ రవాణా సంస్థ తన రైళ్లు, బస్సుల ఆలస్యాల సమాచారాన్ని ట్విట్టర్‌లో పెట్టడం ఆపేసింది. అంతకాలం ఉచితంగా సాగిన స్వయంచాలక పోస్టులకు ట్విట్టర్ ధర కట్టింది, పైగా ఆ సంస్థ అనుసంధానం చెప్పాపెట్టకుండా తెగిపోయింది. అమెరికా వాతావరణ సేవా విభాగం కూడా తమ హెచ్చరికలు అన్నీ అక్కడ కనిపించకపోవచ్చని ప్రజలకు ముందే చెప్పుకోవాల్సి వచ్చింది. విమర్శలు వెల్లువెత్తాక ప్రజా సేవలకు మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు అన్న మాటలోనే అసలు సంగతి ఉంది. సుడిగాలి వస్తోందని చెప్పే హక్కును ఒక యజమాని దయగా ప్రసాదించారు! రెండు నెలలు తిరగకుండానే, జూన్ 30 నుంచి, ఖాతా లేనివాళ్లు ఒక్క పోస్టు కూడా చూడలేని పరిస్థితి తెచ్చారు. మర్నాడు డబ్బు కట్టని ఖాతాదారులు రోజుకు 600 పోస్టులే చదవాలని పరిమితి విధించారు. అదే రోజు 800 అన్నారు, ఆ వెంటనే 1,000 అన్నారు. కోట్ల మంది ఎన్ని వాక్యాలు చదవవచ్చో ఒకే మనిషి పూటకో మాట చొప్పున నిర్ణయిస్తున్నప్పుడు, అప్పటికప్పుడు సమాచారానికి ఇదే మేలైన వేదిక అని రాసిన పోలికలకు అర్థమేముంది?

ఒక్క మస్క్‌ను తిట్టిపోసి ఊరుకుంటే ఇక్కడ అసలు సమస్యను తప్పిపోనిచ్చినట్టే. అందరిదీ అదే దారి. వాట్సాప్‌నే తీసుకోండి. ప్రకటనలు ఎందుకు అమ్మబోమో దాని వ్యవస్థాపకులు 2012లో ప్రత్యేకంగా రాసి మరీ చెప్పారు. జనం నమ్మి చేరారు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొంటున్నప్పుడు, రెండు చోట్లా ఉన్న ఖాతాలను నమ్మకంగా జత చేయడం సాంకేతికంగా కుదరదని ఆ కొనుగోలును పరిశీలిస్తున్న యూరోపియన్ కమిషన్‌కు చెప్పింది. 2016లో జత చేయడం మొదలుపెట్టింది. తప్పుదారి పట్టించినందుకు 2017లో కమిషన్ 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ కొనుగోలు విలువ 1,900 కోట్ల డాలర్లు. ఆ బేరం పక్కన ఈ జరిమానా ఏపాటిది? 2025 జూన్‌లో ప్రకటనలూ వచ్చేశాయి, ప్రస్తుతానికి స్టేటస్‌లు ఉండే భాగంలో. ప్రస్తుతానికి అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఫొటోల ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకప్పుడు మిత్రులు పెట్టినవి పెట్టిన వరుసలో కనిపించేవి. 2016లో ఆ వరుసను తీసేసి, ఎవరిది ముందు చూపాలో కంపెనీ లెక్కలే తేల్చడం మొదలైంది. టిక్‌టాక్ పోటీకి వచ్చాక 2020లో రీల్స్ వచ్చాయి, అపరిచితుల వీడియోలు మిత్రుల ఫొటోలను పక్కకు నెట్టాయి. చర్చల రెడిట్‌లో జీతం భత్యం లేకుండా సమూహాలను నడిపే వాళ్లు 2023 జూన్‌లో బయటి యాప్‌లపై వేసిన రుసుములకు నిరసనగా వేల సమూహాలను మూసేస్తే, తెరవకపోతే మీ స్థానంలో వేరేవాళ్లను పెడతామని కంపెనీ నుంచి సమాధానం వచ్చింది. ఏళ్ల తరబడి వాళ్ల కష్టంతో ఏరు దాటి, దాటాక తెప్ప తగలేశారు.

మార్చడం ఒక ఎత్తు, మూసేయడం మరో ఎత్తు. ఒకప్పటి సామాజిక మాధ్యమం ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసింది. స్నేహితులు ఒకరి గురించి ఒకరు రాసుకున్న ఆత్మీయ వాక్యాలు ఎన్ని అక్కడ ఉండేవో ఆ తరం వారికి తెలుసు. గూగుల్ ప్లస్ 2019లో పోయింది, యాహూ గ్రూప్స్ 2020లో. వీటికి కనీసం గడువు చెప్పారు. మైస్పేస్ అదీ చేయలేదు. సర్వర్లు మార్చేటప్పుడు తప్పు జరిగి, మూడేళ్లకు పైగా పాతబడిన పాటలు, ఫొటోలు, వీడియోలన్నీ పోయి ఉండవచ్చని 2019లో చిన్న ప్రకటన పెట్టి, ఇబ్బందికి క్షమించమంది. ఒకప్పుడు సంగీతకారులకు ఇంతకన్నా మంచి చోటు లేదని అందరూ సిఫారసు చేసిన వేదిక అది. మరో నకలు దాచుకోని కుర్రవాడి మొదటి పాట, ఇప్పుడు లేని మిత్రుడు వాయించిన గిటారు, ఇకపై ఎక్కడా వినిపించవు.

ఇవన్నీ ప్రైవేటు కంపెనీలు, సేవ ఉచితం, షరతులకు ఒప్పుకునే చేరారు, నచ్చకపోతే బయటికి వెళ్లవచ్చు అనే వాదన ఉంది. యజమానికి తన సరుకును మార్చుకునే స్వేచ్ఛ ఉండాలన్నదీ నిజమే. కానీ నచ్చకపోతే వెళ్లిపొమ్మనేవారు వెళ్లడం ఎలాగో చెప్పాలి. ఫోను కంపెనీ మారితే నంబరు మనతో వస్తుంది. ఒక కంపెనీ ఈమెయిల్ నుంచి మరో కంపెనీ ఈమెయిల్‌కు ఉత్తరం వెళుతుంది. ఫేస్‌బుక్ నుంచి బయటికి నడిచిన మనిషికి వెంట వచ్చేది ఒక జిప్ ఫైలు. అందులో తన ఫొటోలు ఉంటాయి, తన రాతలు ఉంటాయి, స్నేహితుల పేర్లు కూడా ఉంటాయి. స్నేహితులు మాత్రం అక్కడే ఉండిపోతారు. యూరప్ తెచ్చిన సమాచార రక్షణ చట్టం 2018 నుంచి ఈ ఫైలు అడిగే హక్కును ఇచ్చింది, మంచిదే. అయితే ఆ ఫైలును తీసుకుని ఏ గుమ్మంలోకి వెళ్లాలి?

సాంకేతికంగా అసాధ్యమన్న సాకు ఇక చెల్లదు. వేర్వేరు వేదికల ఖాతాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే యాక్టివిటీపబ్ ప్రమాణాన్ని 2018 జనవరిలోనే వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆమోదించింది. ట్విట్టర్ లాంటి వేదిక మాస్టడాన్ దాని మీదే నడుస్తోంది. అక్కడ ఒక సర్వర్ నచ్చకపోతే మరో సర్వర్‌కు ఫాలోవర్లతో సహా మారవచ్చు. పాత పోస్టులు వెంట రావన్న లోపం ఉంది, కానీ మనుషులు వస్తారు. ఫేస్‌బుక్ యజమాని మెటా సొంత వేదిక థ్రెడ్స్ కూడా ఈ ప్రమాణాన్ని కొంత మేరకు అమలు చేస్తోంది. అంటే తలచుకుంటే అయ్యే పనే. యూరప్ డిజిటల్ మార్కెట్ల చట్టం కింద వాట్సాప్, మెసెంజర్‌లు పోటీ యాప్‌ల సందేశాలకు తలుపు తీయాల్సి వచ్చింది. తలుపు తీయాలన్న ఆ నిబంధన సామాజిక మాధ్యమాల జోలికి మాత్రం వెళ్లలేదు. సందేశాల విషయంలో చేయగలిగినది స్నేహ సంబంధాల విషయంలో ఎందుకు చేయకూడదో ఏ చట్టసభా వివరించలేదు.

మీ పత్రిక సంగతి ఏమిటని మమ్మల్ని అడగవచ్చు. పత్రికలన్నీ ఈ వేదికల వెంట పడ్డవే, పాఠకులకు అక్కడికి దారి చూపించినవే. ఆ తప్పులో మాకూ వాటా ఉంది. ఉంది కాబట్టే చెబుతున్నాం. పత్రికకు దెబ్బ తగిలితే అది వ్యాపార నష్టం. అగ్నిమాపక శాఖకు తగిలితే ప్రాణ నష్టం.

ప్రజాధనంతో నడిచే ఏ కార్యాలయమైనా ముందుగా తన సొంత వెబ్‌సైట్‌లో, ఖాతా అడగని పేజీలో హెచ్చరికను ఉంచాలి. ఆ తర్వాతే మిగతా వేదికల్లో పెట్టుకోవాలి. తాజా సమాచారం కోసం ఫలానా మాధ్యమంలో మమ్మల్ని అనుసరించండి అని బోర్డు పెట్టి చేతులు దులుపుకునే అధికారులు, పౌరుడు తన ఊరి వరద మట్టం తెలుసుకోవడానికి ఒక విదేశీ కంపెనీకి పుట్టిన తేదీ, ఫోను నంబరు ఎందుకు సమర్పించుకోవాలో జవాబు చెప్పాలి. వెబ్‌సైట్ నడపడానికి సిబ్బంది లేరనడం సాకు. మూడు మాధ్యమాల్లో మంత్రిగారి ఫొటోలు పెట్టడానికి సిబ్బంది ఉన్నారు. చట్టసభలు కూడా కంపెనీ అధిపతులను పిలిపించి కెమెరాల ముందు గద్దించి పంపే తంతును కట్టిపెట్టి, పెద్ద వేదికలు ఉపయోగాన్ని మార్చేముందు ఎన్ని నెలల గడువు ఇవ్వాలో, వెళ్లేవారిని ఎలా వెళ్లనివ్వాలో రాసిపెట్టాలి.

ఆస్ట్రేలియాలో ఆ పేజీలు ఖాళీ అయి ఏళ్లు గడిచాయి. ఇక మీదట ఏ విపత్తు వేళయినా హెచ్చరిక అందక జనం చిక్కుకుపోతే, కంపెనీ నిబంధనలు మార్చింది, మాకు ముందుగా తెలియదు అని ఏ అధికారీ మైకు ముందుకు రావద్దు. తెలుసు. 2021 ఫిబ్రవరి నుంచీ తెలుసు.