41 మందికి 39 గులాబీలు

మహారాజశ్రీ ఎర్ర గులాబీ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరిని లక్ష్మీసమానురాలు అనాలా, మహారాజశ్రీ అనాలా అని కాసేపు తటపటాయించాను. టీవీలో తమరు ఎక్కువగా మగవాడి చేతిలోనే కనిపిస్తారు కాబట్టి రెండోదే ఖాయం చేశాను. తప్పయితే మన్నించాలి.

మొన్న మహిళా దినోత్సవం నాడు, మధ్యాహ్నం మూడింటికి, చెన్నై ఓఎంఆర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో తమరి దర్శనభాగ్యం కలిగింది. దర్శనమే, ప్రసాదం అందలేదు. ఏటా సెక్యూరిటీ డెస్క్ దగ్గరే తలా ఒక పువ్వు, ఒక చాక్లెట్ చేతిలో పెట్టి వదిలేసేవారు. ఈసారి హెచ్‌ఆర్ మేడమ్‌కి వెరైటీ కావాల్సి వచ్చింది. వీకెండంతా ఏదో డేటింగ్ షో చూశారట. చీరలు కట్టుకు రమ్మని ముందే మెయిల్ పెట్టారు. సాయంత్రం ఆరింటికి సాఫ్ట్‌వేర్ రిలీజ్ పెట్టుకుని, మమ్మల్ని 41 మందినీ స్కూల్ గ్రూప్ ఫోటోకి నిలబెట్టినట్టు మూడు వరసల్లో నిలబెట్టారు. ఎదురుగా మా డెలివరీ హెడ్, మార్చి నెల ఉక్కలో సూటుతో. పక్కన ట్రే, ట్రేలో తమరు. ఒక్కో పేరే పిలవడం, ఒక ముక్క పొగడటం, "విల్ యూ యాక్సెప్ట్ దిస్ రోజ్?" అని అడగడం. చుట్టూ మగాళ్ళు ఫోన్లు పైకెత్తి ఒకటే ఈలలు.

పొగడ్తలు వినాలి తమరు. ఒకావిడ నవ్వు ఫ్లోర్‌కే వెలుగట. ఒకావిడ చీరల సెలెక్షన్ సూపరట. ఇంకొకావిడ ఎన్ని తిట్టినా కోప్పడదట. నిరుడు దీపావళి రాత్రి రెండింటి దాకా కూర్చుని పడిపోయిన సర్వర్‌ని లేపిన అమ్మాయికి దక్కిన బిరుదు "డింపుల్స్". అదే మగవాళ్ళకి అవార్డులిచ్చేటప్పుడు పరిష్కరించిన సమస్యల టికెట్ నంబర్లతో సహా చదువుతారు. 1917లో ఇదే రోజున రష్యాలో పెట్రోగ్రాడ్ బట్టల మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కావాలని వీధికెక్కారు. మాకు సొట్టబుగ్గలు.

తమరి సర్వీసు రికార్డు నాకు తెలియనిది కాదు. 2002లో అమెరికాలో ఏబీసీ ఛానెల్ "ది బ్యాచిలర్" అనే షోలో ఒక మగవాడి ముందు 25 మంది ఆడవాళ్ళని నిలబెట్టి మొదటిసారి తమరిని పంచిపెట్టింది. తమరు దక్కనివాళ్ళు ఇంటికి. 2003లో తిరగేశారు. ఈసారి ఒకామె, 25 మంది మగవాళ్ళు. సమానత్వం వచ్చేసిందని చప్పట్లు. తీరా చూస్తే సీజనంతా పూలు పంచింది ఆమె, చివరి రోజు ఉంగరం తీసి మోకాలి మీద కూర్చుని అడగాల్సింది మాత్రం అతను. అతను నోరు తెరిచేదాకా ఆమె గౌనులో కాచుకుని ఉండాలి. ఇంకో షోలో పొద్దస్తమానం హైహీల్స్‌తో పాటు ఈత బట్టలు, ఈత కొట్టేది తక్కువ.

మనకి ఈ విద్య కొత్తా? దమయంతి దండ పట్టుకు నడుస్తుంటే వరసలో నిలబడింది రాజులు. ఇంద్రుడంతటివాడు నలుడి వేషం వేసుకుని నిలబడ్డాడు. 2009లో మన హిందీ టీవీ వరుణ్ణి ఎంచుకోమని నటి రాఖీ సావంత్‌కి ఆ దండ ఇచ్చింది. మరుసటి ఏడాదికల్లా అదే ఛానెల్‌లో దండ రాజకీయ నాయకుడి కొడుకు రాహుల్ మహాజన్ చేతికి, వరస మళ్ళీ ఆడవాళ్ళకి. 2018లో ఈ చెన్నైలో మా వీధంతా టీవీలకి అతుక్కుపోయింది. తమిళ హీరో ఆర్యని పెళ్ళాడేందుకు 16 మంది పోటీ. చివరికి మిగిలిన ముగ్గురిలో ఎవరినీ ఎంచుకోలేదు. అదే ఏడు తెలుగులో యాంకర్ ప్రదీప్‌కి పెళ్ళిచూపులు. మా అమ్మ కాలంలో బజ్జీలు తిని, కాఫీ తాగి, "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అనేవాళ్ళు. ఆ ఉత్తరం రాదని అందరికీ తెలుసు. అయినా పీడా పోయింది, కారెక్కాక ఏడుస్తున్న ముఖం మీద కెమెరా పెట్టేవాళ్ళు కాదు.

ఇవన్నీ సరే. నాకు మింగుడుపడనిది వేరే ఉంది.

నేను నిలబడింది మూడో వరసలో ఎడమ చివర. నా సమాధానం ముందే తయారు. నా వంతు రాగానే "నో థ్యాంక్స్ సర్, ఆరింటికి రిలీజ్ ఉంది" అనాలని రెండుసార్లు లోపల రిహార్సల్ కూడా వేసుకున్నాను. పది పూలు మిగిలేదాకా ఆ మాట గుర్తుంది. ఆరు మిగిలాక ట్రే వైపు చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు మిగిలాక మెడ సాచాను. ఆ రెండూ అయిపోయాయి. నేనూ, కొత్తగా చేరిన ట్రెయినీ పిల్లా మిగిలాం. కౌంట్ తప్పిందని హెచ్‌ఆర్ మేడమ్ గొణుగుతుంటే, మా హెడ్ గారు జోకు వేశారు: "సారీ లేడీస్, మీరిద్దరూ ఎలిమినేటెడ్." హాలంతా నవ్వు. అప్పుడు నా చెయ్యి నా జుట్టు సర్దుకుంది.

నాకు 44 ఏళ్ళు. సర్వీసు 19. వద్దనుకున్న పువ్వు రాలేదని జుట్టు సర్దుకున్నాను!

ఏం మాయదారి పువ్వువే నువ్వు! పాతికమందిలో ఒక్కతైనా "ఇంతకీ వీడు నాకు నచ్చాడా" అని ఎందుకు అడగదని సోఫాలో కూర్చుని ఎన్నిసార్లు తిట్టానో ఆ అమ్మాయిల్ని. నువ్వు అడగనిస్తే కదా. మనుషులకంటే పూలు తక్కువ పెట్టి చూపిస్తావు, అంతే, అందరం లెక్కల్లో పడిపోతాం. అవతల నిలబడ్డవాడు ఎవడైనా ఒకటే. మా హెడ్ అయినా ఒకటే! ఆ ట్రెయినీ పిల్ల బాత్‌రూమ్‌లో ఏడ్చింది తెలుసా? వాడి కోసం కాదు, నీ కోసం. హోసూరు నుంచి కట్టలు కట్టి తెస్తే కోయంబేడులో గుట్టలుగా పడుండే నీ కోసం.

నాలుగింటికి చెయ్యి కడుక్కుందామని వెళితే ప్యాంట్రీలో హౌస్‌కీపింగ్ అక్క కనిపించింది. నెల్లూరు వైపు మనిషి. మహిళా దినోత్సవం వరసలోకి ఆవిడని, ఆవిడ టీమ్‌ని ఎవరూ పిలవలేదు. కొప్పులో నువ్వు. పక్కన టిఫిన్ సంచిలో, టిష్యూ పేపర్లో చుట్టి, ఇంకో నువ్వు.

"అక్కా, ఈ రెండూ..."

"పైన పెట్టక ముందే తీసినా. ఒకటి మా పిల్లకి."

"ఎవరినీ అడగలేదా?"

"అడిగేదేంది పాపా, ట్రే మోసుకొచ్చింది నేనే కదా. ఎవరన్నా లెక్కేసినారా ఏంది?"

"ఎవరూ ఎయ్యలేదులే" అన్నాను. ఆ కొప్పులో నువ్వు బాగానే ఉన్నావు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

ఇట్లు,
మూడో వరస, ఎడమ చివర